జీతం తగ్గించుకునేందుకు ఓటు

నాట్ల కాలం వచ్చింది. ముఠాలో ఇరవై మంది ఆడవాళ్ళు ఉన్నారు. రైతు వచ్చి అంటాడు: "నిరుడు పంట పోయింది. అప్పులయ్యాయి. ఈసారి కూలి తగ్గించుకోండి. లేదంటే పొలం బీడు పెట్టేస్తాను."

అప్పుడు ముఠా ఏం చెయ్యాలి? ఒప్పుకుంటే ఇల్లు గడవదు. ఒప్పుకోకపోతే పనే ఉండదు. అసలు రైతు చెప్పేది నిజమేనా? నిజంగా నష్టపోయాడా, కూలి తగ్గించడానికి సాకు చెప్తున్నాడా?

ఇలాంటి చిక్కు కూలి చేసుకునే వాళ్ళకే వస్తుందని అనుకుంటాం. విమానాలు నడిపే వాళ్ళకు కూడా వచ్చింది. అది 2003వ సంవత్సరం. దేశం అమెరికా. కంపెనీ పేరు అమెరికన్ ఎయిర్‌లైన్స్. అప్పట్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద విమాన కంపెనీ అదే. జీతాలు తగ్గించుకోవాలా, వద్దా అని ఆ కంపెనీ పైలట్లు ఓటు వేశారు. ఆ కథ ఇది.

విమానం తోలే మనిషిని పైలట్ అంటారు. పెద్ద విమానంలో ముందు భాగాన ఇద్దరు పైలట్లు కూర్చుంటారు. ఎడమ సీట్లో కూర్చునేది కెప్టెన్. విమానానికి పెద్ద దిక్కు కెప్టెనే. కుడి సీట్లో కూర్చునే వాళ్ళు రెండో పైలట్. ఇద్దరికీ విమానం నడపడం వచ్చు. కుడి సీట్లో ఏళ్ళ తరబడి పని చేశాకే ఎడమ సీటు వస్తుంది.

ఈ పనికి జీతం బాగానే ఉంటుంది. కానీ నియమాలు కూడా గట్టిగానే ఉంటాయి. డాక్టరు పరీక్షలు ఎప్పటికప్పుడు జరుగుతూ ఉంటాయి. కన్ను మసకబారినా, గుండెలో తేడా వచ్చినా ఉద్యోగానికి ముప్పే. పైగా 2003లో అమెరికాలో విమాన కంపెనీ పైలట్‌కు 60 ఏళ్ళు నిండితే ఇంటికి పోవాల్సిందే. (2007 డిసెంబరులో ఆ వయసును 65కు పెంచారు.)

పైలట్ల పనిలో ఇంకో సంగతి ఉంది. అది తెలియకపోతే ఈ ఓటు సంగతే అర్థం కాదు. దాని పేరు సీనియారిటీ. అంటే ముందు చేరిన వాళ్ళు ముందు, వెనక చేరిన వాళ్ళు వెనక. ప్రతి పైలట్‌కూ వరసలో ఒక నంబరు ఉంటుంది. ఏ విమానం నడపాలి, ఏ సీట్లో కూర్చోవాలి, పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ ఆ నంబరును బట్టే. పని తగ్గినప్పుడు చివరి నంబరు వాళ్ళను ముందు ఇంటికి పంపుతారు. మళ్ళీ పని పెరిగితే పిలుస్తారు.

పైలట్ కంపెనీ మారితే ఆ నంబరు వెంట రాదు. ఇరవై ఏళ్ళు చేసిన కెప్టెన్ వేరే పెద్ద కంపెనీకి పోయాడనుకోండి. అక్కడ నిన్న చేరిన కుర్రాడి వెనక నిలబడాలి. కుడి సీట్లో కూర్చోవాలి. కొత్తవాళ్ళ జీతమే తీసుకోవాలి. అందుకే "ఇక్కడ కుదరకపోతే ఇంకో చోట చూసుకుంటాం" అనే మాట పైలట్ అంత తేలిగ్గా అనలేడు. పెళ్ళయి పుట్టింటికి తిరిగిపోలేని కోడలి లాంటి పరిస్థితి అది. ఉన్న ఇంట్లోనే తేల్చుకోవాలి.

అలా తేల్చుకోవడానికే సంఘం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు సొంత సంఘం ఉంది. పేరు అలైడ్ పైలట్స్ అసోసియేషన్. 1963లో పెట్టుకున్నారు. జీతం ఎంత, పని గంటలు ఎన్ని, పింఛను ఎంత అనేవి సంఘం పెద్దలూ కంపెనీ వాళ్ళూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఒప్పందం కాగితం మీద రాస్తారు. తర్వాత సభ్యులందరూ ఓటు వేస్తారు. ఎక్కువ మంది సరే అంటేనే ఆ కాగితం చెల్లుతుంది.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో నాలుగు విమానాలను హైజాక్ చేశారు. వాటిలో రెండు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వి. నాలుగూ కూలిపోయాయి. దాదాపు మూడు వేల మంది చనిపోయారు. ఆ పైలట్ల తోటివాళ్ళే తర్వాత ఈ ఓటు వేసింది. ఆ ఘోరం తర్వాత జనం విమానం ఎక్కడానికే భయపడ్డారు. సీట్లు ఖాళీగా పోయాయి. ఖాళీగా పోయినా ఆయిలు ఖర్చు తగ్గదు కదా. 2002 ఒక్క సంవత్సరంలోనే ఆ కంపెనీకి సుమారు 350 కోట్ల డాలర్లు నష్టం వచ్చింది. అప్పట్లో ఒక డాలరు మన డబ్బుల్లో సుమారు 47 రూపాయలు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైంది. ప్రయాణాలు ఇంకా తగ్గాయి.

కంపెనీ పెద్ద డోనాల్డ్ కార్టీ. ఆయన ఉద్యోగుల సంఘాలను పిలిచారు. ఏటా 180 కోట్ల డాలర్లు ఖర్చు తగ్గాలి అన్నారు. పైలట్లు 66 కోట్లు వదులుకోవాలి. మెకానిక్కులు, సామాన్లు మోసేవాళ్ళు, ఇతర కింది పనివాళ్ళ సంఘం 62 కోట్లు వదులుకోవాలి. విమానంలో ప్రయాణికులను చూసుకునే ఉద్యోగులు 34 కోట్లు వదులుకోవాలి. ఈ చివరి వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. వాళ్ళ జీతం పైలట్ల జీతం కన్నా చాలా తక్కువ. మిగతా 18 కోట్లు సంఘం లేని ఉద్యోగులు, మేనేజర్ల దగ్గర్నుంచి.

"ఒప్పుకోకపోతే?" అని సంఘాలు అడిగాయి. "దివాలా కోర్టుకు పోతాం" అని జవాబు వచ్చింది.

మన ఊళ్ళల్లో ఎవరైనా అప్పులు తీర్చలేకపోతే "ఐపీ పెట్టాడు" అంటాం. అప్పులవాళ్ళు ఇక ఇంటి మీదకు రాకుండా కోర్టును ఆశ్రయించడం అన్నమాట. అమెరికాలో కంపెనీలు కూడా అలా ఐపీ పెడతాయి. కానీ తాళం వెయ్యక్కర్లేదు. విమానాలు ఎగురుతూనే ఉంటాయి. కోర్టు నీడలో కంపెనీ అప్పులు తగ్గించుకోవచ్చు. ఇంకొకటి కూడా చెయ్యవచ్చు. ఉద్యోగులతో రాసుకున్న ఒప్పందాన్ని రద్దు చెయ్యండని జడ్జిని అడగవచ్చు. జడ్జి సరే అంటే పాత కాగితం చిత్తు కాగితమే.

ఇది ఉత్త బెదిరింపు కాదని పైలట్లకు తెలుసు. 2002 ఆగస్టులో యూఎస్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ ఐపీ పెట్టింది. డిసెంబరులో యునైటెడ్ అనే ఇంకా పెద్ద కంపెనీ పెట్టింది. 2003 మార్చి 31న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్ల పింఛను పథకమే రద్దయింది. ప్రభుత్వ సంస్థ ఒకటి ఆ భారం తీసుకుంది. కానీ ఆ సంస్థ ఒక హద్దు వరకే ఇస్తుంది. పెద్ద పింఛను వస్తుందని ముప్పై ఏళ్ళు చేసిన వాళ్ళకు దానిలో కొంతే దక్కింది. అమెరికన్ పైలట్ల ఓటుకు ఇంకా రెండు వారాలే ఉంది.

మరి పైలట్లు వదులుకోవాల్సింది ఎంత? 2003 మే నుంచి మొదటి ఏడాది జీతంలో 23 శాతం కోత. తర్వాత 17 శాతం కోత. లెక్క వేసి చూద్దాం. నెలకు 100 రూపాయలు వచ్చే చోట 77 రూపాయలు వస్తాయి. ఏడాది తర్వాత 83 రూపాయలు.

ఇక్కడ చాలా మంది పొరపడతారు. "23 శాతం తగ్గించారు, రేపు 23 శాతం పెంచితే సరిపోతుందిలే" అనుకుంటారు. సరిపోదు. 77 రూపాయల మీద 23 శాతం అంటే 17 రూపాయల 71 పైసలే. రెండూ కలిపితే 94 రూపాయల 71 పైసలు. పాత వందకు ఇంకా అయిదు రూపాయలు తక్కువ. 77 మళ్ళీ 100 కావాలంటే దాదాపు 30 శాతం పెంచాలి. దిగడం తేలిక, ఎక్కడం కష్టం.

జీతం ఒక్కటే కాదు. పని పద్ధతులు కూడా మార్చారు. తక్కువ మంది పైలట్లతో ఎక్కువ పని సాగేలా చేశారు. అంటే వరసలో చివర ఉన్నవాళ్ళు ఇంటికి. దీనికి బదులుగా కంపెనీ ఉద్యోగులకు ఒక హక్కు ఇచ్చింది. కంపెనీ వాటాలను తర్వాత 5 డాలర్ల ధరకే కొనుక్కోవచ్చు. కంపెనీ బాగుపడి వాటా ధర పెరిగితే లాభం. మునిగితే ఆ హక్కుకు విలువే లేదు.

ఇప్పుడు ముగ్గురు పైలట్లను తలుచుకోండి. పేర్లు వద్దు. అలాంటి వాళ్ళు వేల మంది.

ఒకరికి 58 ఏళ్ళు. ఎడమ సీటు. ఇంకో రెండేళ్ళలో దిగిపోవాలి. ఆయన కన్ను పింఛను మీద. కంపెనీ ఐపీ పెడితే పింఛను ఏమవుతుందో యూఎస్ ఎయిర్‌వేస్‌లో చూశాడు. రెండేళ్ళు జీతం తగ్గినా ఓర్చుకుంటాడు. ఆయన "సరే" అనే వైపు మొగ్గుతాడు.

ఇంకొకరికి 42 ఏళ్ళు. ఇంటి అప్పు ఉంది. పిల్లలు కాలేజీకి వస్తున్నారు. ఇప్పుడు తగ్గిన జీతం ఇంకా పద్దెనిమిదేళ్ళు వెంటాడుతుందని భయం. "ఇవాళ ఇస్తే రేపు మళ్ళీ అడగరని నమ్మకం ఏమిటి?" అని అడుగుతాడు. కానీ కోర్టుకు పోతే ఇంకా ఎక్కువ పోతుందేమో. రాత్రి ఇంట్లో లెక్కలు వేస్తారు. భార్య అడుగుతుంది, "వద్దంటే ఏమవుతుంది?" జవాబు ఎవరి దగ్గరా లేదు.

మూడో మనిషి కొత్తగా చేరింది. చివరి నంబర్లలో ఉంది. "సరే" అని ఓటు వేస్తే తన ఉద్యోగానికే ముప్పు. "వద్దు" అంటే కంపెనీ కూలితే అప్పుడు కూడా పోతుంది. ఇంకో మాట. 2001లో అమెరికన్ కంపెనీ టీడబ్ల్యూఏ అనే పాత కంపెనీని కొన్నది. ఆ కంపెనీ నుంచి వచ్చిన పైలట్లలో చాలా మందిని వరసలో వెనక పెట్టారు. ఏళ్ళ తరబడి కెప్టెన్లుగా చేసిన వాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఒకే సంఘం, ఒకే ఓటు. కానీ నష్టం అందరికీ ఒకటి కాదు. సంఘం పెద్దలకు అన్నిటికన్నా కష్టం ఇక్కడే.

సమ్మె చెయ్యవచ్చు కదా అంటారా? అమెరికాలో రైళ్ళకు, విమానాలకు 1926 నాటి ప్రత్యేక చట్టం ఒకటి ఉంది. సమ్మె దాకా పోవాలంటే చాలా మెట్లు ఎక్కాలి. 1997 ఫిబ్రవరిలో ఈ పైలట్లు సమ్మె మొదలుపెట్టారు. కొద్ది నిమిషాల్లోనే అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఆపేశారు! 1999లో ఒంట్లో బాగాలేదని చాలా మంది ఒకేసారి సెలవు పెట్టారు. పనిలోకి పొమ్మని కోర్టు చెప్పినా వెంటనే పోలేదు. సంఘానికి 4 కోట్ల 55 లక్షల డాలర్లు జరిమానా పడింది. ఆ దెబ్బ ఇంకా గుర్తుంది. పైగా మునిగిపోతున్న పడవలో సమ్మె ఎవరి మీద?

2003 ఏప్రిల్ 15న మూడు సంఘాల ఓట్ల లెక్క తేలింది. పైలట్లలో ఎక్కువ మంది సరే అన్నారు. మెకానిక్కుల సంఘం కూడా సరే అంది. విమానంలో పనిచేసే ఉద్యోగులు మాత్రం కొద్ది తేడాతో వద్దన్నారు. వాళ్ళ జీతంలో కోత సుమారు 16 శాతం. చిన్న జీతంలో 16 శాతం అంటే పాల డబ్బు, బడి ఫీజు, అద్దె. వాళ్ళ ఓటు గడువును ఒక రోజు పెంచారు. ఏప్రిల్ 16 సాయంత్రానికి ఆ ఓటు కూడా "సరే"కు మారింది. కంపెనీ కోర్టు గడప తొక్కలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి.

పెద్ద కంపెనీలు ఏటా తమ లెక్కలు ప్రభుత్వానికి చూపాలి. అమెరికన్ కంపెనీ ఆ కాగితాలు దాఖలు చెయ్యడం ఏప్రిల్ 15 దాకా వాయిదా వేసింది. అవి బయటికి వచ్చేసరికి ఓటింగు ముగింపుకు వచ్చేసింది. అందులో రెండు సంగతులు ఉన్నాయి. 2005 జనవరి దాకా కంపెనీ వదిలిపోకపోతే కొందరు పై అధికారులకు జీతానికి రెండింతలు బహుమతి. కార్టీ వాటా సుమారు 16 లక్షల డాలర్లు. రెండోది, 45 మంది అధికారుల పింఛను కోసం 4 కోట్ల 10 లక్షల డాలర్లు విడిగా దాచారు. కంపెనీ ఐపీ పెట్టినా ఆ డబ్బు జోలికి అప్పులవాళ్ళు రాకుండా ఏర్పాటు చేశారు.

అంటే ఏమిటి? "ఐపీ పెడితే మీ పింఛను పోతుంది" అని పైలట్లకు చెప్పినవాళ్ళు తమ పింఛనును ముందే భద్రం చేసుకున్నారు. ఆ డబ్బు దాచింది 2002 అక్టోబరులోనే. ఆరు నెలలు ఉద్యోగులకు ఎవరూ చెప్పలేదు.

ఈ పైలట్లు బాగా చదువుకున్నవాళ్ళు. ఇంజన్ల లెక్కలు, గాలి లెక్కలు, వాతావరణం కాగితాలు రోజూ చదివేవాళ్ళు. సంఘానికి లాయర్లు ఉన్నారు, లెక్కల నిపుణులు ఉన్నారు. వాళ్ళు ఒప్పందం కాగితం మొత్తం చదివే ఓటు వేశారు. కానీ చదవాల్సిన ఇంకో కాగితం వాళ్ళ ముందుకు రాలేదు. వేలిముద్ర వేయించుకుని తర్వాత కాగితం చదివి వినిపించినట్టయింది. ఇది మోసం కాదని కంపెనీ ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎక్కకపోవడమే న్యాయం.

మూడు సంఘాలూ భగ్గుమన్నాయి. అధికారులు బహుమతులు వదులుకున్నారు. కార్టీ క్షమాపణ చెప్పారు. పింఛను కోసం దాచిన డబ్బు మాత్రం అలాగే ఉంచుకున్నారు. కోపం చల్లారలేదు. అందరికన్నా గట్టిగా నిలబడింది విమానంలో పనిచేసే ఉద్యోగుల సంఘం. మళ్ళీ ఓటు పెడతామని పట్టుబట్టింది. ఏప్రిల్ 24న కార్టీ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో జెరార్డ్ ఆర్పే వచ్చారు. ఒప్పందాన్ని కొంచెం మార్చారు. ఆరేళ్ళ గడువును ఐదేళ్ళకు తగ్గించారు. కంపెనీ పనితీరు బాగుంటే ఉద్యోగులకు కొంత బోనసు ఇస్తామన్నారు. జీతం కోత మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

తర్వాత వరసలో చివర ఉన్న ఎంతోమంది పైలట్లు ఇళ్ళకు పోయారు. టీడబ్ల్యూఏ నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళలో చాలా మంది. 2006లో కంపెనీకి మళ్ళీ లాభం వచ్చింది. 2006, 2007ల్లో మేనేజర్లకు వాటాల రూపంలో పెద్ద పెద్ద బహుమతులు అందాయి. పైలట్లు విమానాశ్రయాల దగ్గర యూనిఫారాలతో నిలబడి నిరసన తెలిపారు. కొత్త ఒప్పందం కోసం 2006 నుంచే మాటలు మొదలయ్యాయి. తెగలేదు. ఆ చట్టం ప్రకారం కొత్త కాగితం రాసుకునే దాకా పాత కాగితమే నడుస్తుంది. ఐదేళ్ళ కోసం ఒప్పుకున్నది తొమ్మిదేళ్ళు దాటింది.

2011 నవంబరు 29న కంపెనీ ఐపీ పెట్టింది. దేన్ని తప్పించుకోవడానికి 2003లో అంత వదులుకున్నారో అదే వచ్చింది. కంపెనీ మళ్ళీ కోతలు అడిగింది. 2012 ఆగస్టులో పైలట్లు ఓటు వేశారు. ఈసారి 61 శాతం మంది వద్దన్నారు. సెప్టెంబరులో జడ్జి పాత ఒప్పందం రద్దుకు అనుమతి ఇచ్చాడు. ఆ రోజుల్లో విమానాలు ఆలస్యంగా నడిచాయి. తప్పు పైలట్లదే అని కంపెనీ అంది. కాదని సంఘం అంది. చివరికి మళ్ళీ కూర్చుని మాట్లాడారు. డిసెంబరులో ఇంకో ఒప్పందానికి 74 శాతం మంది సరే అన్నారు. ఆగస్టు నాటి దాని కన్నా ఇది కొంత మెరుగు. అంటే ఒకసారి వద్దన్నందుకు కొంత దక్కింది. ఎంత దక్కిందని ఆ పైలట్లే ఇప్పటికీ వాదించుకుంటారు.

2013 డిసెంబరులో అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. 2003లో 42 ఏళ్ళున్న ఆ మధ్య వయసు పైలట్‌కు అప్పటికి 52 నిండాయి.

2023 ఆగస్టులో ఆ సంఘం మళ్ళీ ఒప్పందం మీద ఓటు పెట్టింది. ఈసారి కోత కాదు, పెంపు. అది కూడా పెద్ద పెంపే. అయినా నాలుగో వంతుకు పైగా పైలట్లు వద్దనే వేశారు.